పోయాడన్న మాట

బడుల్లో ఆయన పేరు గ్రూపాయన. ఏడాది చివర పిల్లలందర్నీ మెట్ల మీద నాలుగు వరసల్లో నిలబెట్టి ఫోటో తీసేది ఆయనే కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. పాస్‌పోర్టు ఫోటోలంటే ఆయనకు చిన్నచూపు. ఒక్క మనిషిని తెల్లగోడ ముందు కూర్చోబెట్టి తీయడం కూడా ఒక పనేనా అంటాడు. గ్రూపు అంటే నలభై ఎనిమిది మంది. అందులో ఇద్దరు ఆ పొద్దునే కొట్టుకుని ఉంటారు. ఒకమ్మాయి కళ్ళజోడు తీసి దాచుకుంటుంది. వెనక వరసలోవాడు ముందువాడి నెత్తి మీద రెండు వేళ్ళతో కొమ్ములు పెడతాడు. కుర్చీలో హెడ్మాస్టరు సరిగ్గా అప్పుడే ఆవలిస్తాడు. వీళ్ళందర్నీ ఒక్క క్షణం ఒక్క చోటికి చూసేట్టు చేయడమే అసలు పని అని ఆయన నమ్మకం.

నోటితో చెప్పేది తక్కువ. రెండు వేళ్ళతో భుజం పట్టుకుని మనిషిని కావలసిన చోటికి జరుపుతాడు. జరుపుతుంటే పోకిరీ పిల్లలు కూడా కిక్కురుమనకుండా జరుగుతారు. “సందు” అనే ఒక్క మాట మాత్రం పైకి అంటాడు. మనిషికీ మనిషికీ మధ్య ఖాళీ కనబడితే చాలు, “సందు, సందు” అని చెయ్యి ఊపుతాడు. గ్రూపులో సందుంటే పన్ను ఊడిన నోరులా ఉంటుందట.

చుట్టాల్లో మాత్రం ఆయన్ని నడిపోడు అంటారు. అక్క పెద్దది, ఆయన ఆమె తర్వాతవాడు. ఇద్దరే అయినప్పుడు నడిపోడు ఎక్కణ్ణుంచి వచ్చాడని ఎవరికైనా అనుమానం రావాలి. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్యకు వచ్చింది, అడిగింది. ఆయన కెమెరా అద్దం తుడుచుకుంటూ ఊరుకున్నాడు. పక్కనే బట్టలు మడతపెడుతున్న అక్క, “చిన్నోడొకడు ఉండేవాడమ్మా. పోయాడు,” అంది. కొత్త పెళ్ళికూతురు అయ్యో అని నాలుక కరుచుకుంది. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

మన భాషలో ఈ మాట ఇలాంటిదే. బస్సు పోయింది, కరెంటు పోయింది, మనిషి పోయాడు. ఊరు వదిలినా పోవడమే, ఊపిరి వదిలినా పోవడమే. అక్క ఏ అర్థంతో అందో అక్కకు తెలుసు. మరదలు ఏ అర్థంతో విన్నదో గ్రూపాయనకు ఆ క్షణమే తెలిసింది. దిద్దడానికి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం కోసం ఆయన ఇరవై నాలుగేళ్ళుగా చూస్తున్నాడు.

చిన్నోడు చావలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు తండ్రి ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు.

అప్పట్లో స్టూడియో తండ్రిది. వెనక గదిలో ఫోటోలు ఆరబెట్టే డ్రమ్ము ఉండేది. గుండ్రటి ఇనుప పీపా, లోపల వేడెక్కే తీగ. తడి ఫోటోలను పీపా మీద పరిచి పైన గుడ్డ బిగించి తిప్పితే అద్దంలా మెరుస్తూ ఆరి వస్తాయి. పని కాగానే స్విచ్చి ఆపాలి. ఆపకపోతే గుడ్డ మాడుతుంది. ఒక మధ్యాహ్నం గ్రూపాయన, అప్పటికి పాతికేళ్ళవాడు, ఒక బడి గ్రూపుకు ఆలస్యమైందని స్టాండు భుజాన వేసుకుని పరుగెత్తాడు. బస్టాపులో నిలబడ్డాక డ్రమ్ము ఆపలేదన్న సంగతి గుర్తొచ్చింది. వెనక్కి నడిస్తే నాలుగు నిమిషాలు. బస్సు మలుపు తిరుగుతూ కనబడింది. ‘వాడున్నాడు కదా, చూసుకుంటాడులే’ అనుకుని బస్సెక్కాడు.

వాడు నిజంగానే ఉన్నాడు. కానీ ముందు గదిలో ఉన్నాడు. మధ్యలో ఒకసారి పెరట్లోకి వెళ్ళి సిగరెట్టు కాల్చుకుని వచ్చి, కౌంటరు మీద తలపెట్టి కునుకు తీశాడు. లేచేసరికి వెనక గది నిండా పొగ. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ముప్ఫై ఏళ్ళ నెగటివులు కాలిపోయాయి. ఊళ్ళో సగం మంది పసితనం ఆ బీరువాల్లో ఉండేది. గ్రూపాయన తిరిగొచ్చేసరికి వీధిలో జనం, నీళ్ళ బకెట్లు. తండ్రి చేతిలో చిన్నోడి జేబులోంచి తీసిన సిగరెట్టు పెట్టె. దొంగ వెతక్కుండానే దొరికాడు. అయినా ఆ ముసలాయన న్యాయంగా ఒక మాట అడిగాడు. పెద్ద కొడుకు వైపు తిరిగి, “డ్రమ్ము ఆపావా?” అన్నాడు.

“ఆపాను,” అన్నాడు గ్రూపాయన.

అంతే. ఒక్క మాట. ఆ తర్వాత అబద్ధం ఆడాల్సిన పని ఆయనకు ఎప్పుడూ పడలేదు. ఊరుకుంటే సరిపోయింది.

అది చాలనట్టు ఇంకొకటి చేశాడు. ముందు గదిలో వేలాడే ఇంటి గ్రూపు ఫోటో ఒక్కటీ మంటకు చిక్కకుండా మిగిలింది. అందులో చిన్నోడు కనబడకూడదన్నాడు తండ్రి. గ్రూపాయన సన్నటి కుంచె, బూడిదరంగు పట్టుకుని నాలుగు రోజులు కూర్చున్నాడు. తమ్ముడి ఒంటిని వెనకున్న తెర మడతల్లో కలిపేశాడు. అక్క భుజం మీద వాడి వేళ్ళుండేవి. వాటికే ఒక రోజంతా పట్టింది. చివరికి వాటిని అక్క పైబట్ట మడతలుగా దిద్దాడు. తండ్రి భూతద్దం పెట్టి చూసి, పని బాగుందన్నాడు. తన పనిని తండ్రి మెచ్చుకోవడం ఆయన ఎరిగినంతలో అదే మొదటిసారి. సిగ్గుపడాల్సిన చోట ఆయనకు లోపల సంతోషం కూడా కలిగింది. దాన్ని మాత్రం ఆయన ఇవాళ్టికీ క్షమించుకోలేదు.

ఇప్పుడు కూతురి సంగతి. ఆ పిల్లకు ఇరవై రెండేళ్ళు. ఇంట్లో ఏం పాడైనా తనే అంటుంది. కుళాయి కారుతుంటే, “నేనే సరిగ్గా కట్టలేదేమో.” తల్లి తాళం చెవులు పోగొట్టుకుంటే, “నేనే ఎక్కడో పెట్టి ఉంటాను.” చిన్నప్పుడు అందరూ ముద్దుగా నవ్వేవాళ్ళు. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగంలో చేరాక నవ్వు ఆగింది. ఒక రోజు రెండు సీసాల మీద పేర్లు తారుమారయ్యాయి. రిపోర్టు బయటికి వెళ్ళకముందే ఎవరో పట్టుకున్నారు గనక సరిపోయింది. మేనేజరు అందర్నీ వరసగా నిలబెట్టి ఎవరని అడిగితే ఈ పిల్ల, “నేనే అయ్యుంటానండీ,” అంది. కాగితం మీద రాసిమ్మంటే రాసిచ్చింది. వారం తర్వాత తేలిందేమిటంటే ఆ రోజు ఆమె అసలు డ్యూటీలోనే లేదు, జ్వరమని సెలవు పెట్టింది. మేనేజరు హాజరు పట్టీ చూశాడు, కాగితం చూశాడు, కాగితమే నమ్మాడు. ఉద్యోగం పోయింది.

తల్లి నెత్తి కొట్టుకుంది. చెయ్యని తప్పు నెత్తినేసుకునే బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందే నీకు అని కూతుర్ని నిలదీసింది. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ గ్రూపాయన అక్కణ్ణుంచి లేచిపోయేవాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకు తెలుసనిపించేది. ఎలా వచ్చి ఉంటుందో మాత్రం అర్థమయ్యేది కాదు. చెప్పని మాట పిల్లకు ఎలా చేరుతుంది?

భార్య పనిచేసేది ఒక ఫిజియోథెరపీ క్లినిక్కు కౌంటర్లో. ఆదివారం పొద్దున పేషెంట్లు ఉండరు కనక అక్కడి వ్యాయామం హాలును ఒక రిటైరైన లెక్కల టీచరు తీసుకుంటుంది. అందరూ ఆమెను లెక్కల మేడమ్ అనే అంటారు. అక్కడ జరిగేదానికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది. భార్య మాత్రం, “కుటుంబాన్ని నిలబెట్టి చూస్తారటండీ,” అంది. ఇరవై నాలుగేళ్ళుగా ఈ కుటుంబాన్ని నిలబెడుతున్నది నేనే కదా అన్నాడాయన. ఆమె నవ్వలేదు. తన ఇంటి మనుషులకు బదులు అక్కడున్నవాళ్ళలోంచి కొందర్ని ఎంచుకుని హాల్లో ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలనిపిస్తే అక్కడ నిలబెట్టాలట. అలా నిలబడ్డవాళ్ళకు ఆ ఇంటి మనుషుల బరువు ఒంట్లో తెలుస్తుందట. ఇంట్లో లెక్కలోంచి తీసేసిన మనిషి ఉంటే, వాడి బరువు తర్వాత పుట్టిన పిల్లలెవరో మోస్తారట. పిల్ల కోసమైనా రండి అంది. ఆ ఒక్క ముక్క మీద ఆయన వెళ్ళాడు. ‘లెక్కలోంచి తీసేసిన’ అన్న మాట దగ్గర ఆయనకు కుంచె గుర్తొచ్చిందని ఆమెకు తెలియదు.

హాల్లో గోడ పొడుగునా పట్టుకుని నడిచే కడ్డీలు, మూల పెద్ద రబ్బరు బంతులు, నేల మీద నీలం చాపలు. పదిహేను మంది గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. లెక్కల మేడమ్ ఆయన్ని తండ్రికి ఎవర్ని ఎంచుకుంటారని అడిగింది. ఆయన ఒక బస్సు కండక్టర్ని చూపించాడు. తల్లికి ఒక బ్యూటీపార్లర్ ఆవిడ, అక్కకు ఒక పళ్ళ డాక్టరమ్మ, తనకు మీటరు రీడింగు తీసుకునే పొడుగాటి మనిషి, కూతురికి ఎవరో కాలేజీ అమ్మాయి. భుజాలు పట్టుకుని నిలబెట్టండి అందామె. ఆ పని ఆయనకు ఒకరు చెప్పాలా. రెండు నిమిషాల్లో అందర్నీ ఎత్తు ప్రకారం ఒక వరసలో పెట్టేశాడు. కండక్టరు గడ్డం కాస్త దించాడు. డాక్టరమ్మను అరడుగు లోపలికి జరిపాడు.

“ఇరవై ఏళ్ళుగా జనాన్ని జరగండి జరగండి అంటున్నాను, నన్ను జరిపినవాడు మీరొక్కరే,” అన్నాడు కండక్టరు. అందరూ నవ్వారు.

మేడమ్ నవ్వలేదు. వరస ముందు ఒకసారి అటూ ఇటూ నడిచింది.

“వీళ్ళంతా ఎవర్ని చూస్తున్నారండీ?”

“కెమెరాని,” అన్నాడు గ్రూపాయన.

“కెమెరా ఎక్కడుంది?”

ఆయన కిందికి చూసుకున్నాడు. తన చేతులు ఖాళీగా ఉన్నాయి. ఇంటి మనుషులు ఆరేడు అడుగుల దూరంలో వరసగా నిలబడి తననే చూస్తున్నారు, ఒకరినొకరు చూసుకోవడం లేదు. అప్పుడు కనబడింది ఆయనకు. మీటరు మనిషి పక్కన, ఎడమవైపు, ఒక మనిషి పట్టేంత సందు. తన చేతులతో తానే వదిలిన సందు.

మేడమ్ ఒక్కొక్కరినీ ఎలా ఉందని అడిగింది. మీటరు మనిషి ఎడం పక్క చలిగా ఉందన్నాడు. ఫ్యాను అటువైపే తిరుగుతోంది మరి. ఈ విద్యను నమ్మేవాళ్ళు ఫ్యాన్ల గురించి మాట్లాడరు. అయినా గ్రూపాయనకు వేళ్ళ చివర్లు చల్లబడ్డాయి. ఇంట్లో ఇంకెవరైనా ఉండేవారా అని మేడమ్ అడిగింది. ఆయన ఆ సందునే చూస్తున్నాడు. వెనక కుర్చీలోంచి భార్య మెల్లగా చెప్పింది.

“ఆయనకో తమ్ముడుండేవాడండీ. చిన్నప్పుడే పోయాడు.”

“పోయినవాళ్ళను మేం పడుకోబెడతాం,” అంది మేడమ్. మందుల షాపులో పనిచేసే ఒక సన్నటి మనిషి లేచి వచ్చి, నీలం చాప ఒకటి లాక్కుని, సరిగ్గా ఆ సందు ముందు వెల్లకిలా పడుకున్నాడు. చేతులు పొట్ట మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే, కూతురి స్థానంలో ఉన్న కాలేజీ అమ్మాయి వరసలోంచి నడిచి వెళ్ళి ఆ చాప అంచున కూర్చుంది. కాసేపటికి అతని పక్కనే ఒత్తిగిలి పడుకుంది.

అలా పడుకోవాలని ఆ అమ్మాయికి ఎందుకనిపించిందో ఎవరూ చెప్పలేరు. కాళ్ళు నొప్పి పుట్టి ఉండొచ్చు. గ్రూపాయనకు మాత్రం తన కూతురే ఒక శవం పక్కన పడుకున్నట్టు కనిపించింది. ఆ శవం కూడా తను చేసిందే.

“లేపండి,” అన్నాడు. “ఆ అమ్మాయిని లేపండి. వాడు చావలేదు. బతికే ఉన్నాడు.”

మందుల షాపతను ఒక కన్ను తెరిచి, “నేను లేవొచ్చాండీ?” అని అడిగాడు. అందరూ వెనక కుర్చీ వైపు చూస్తున్నారు. భార్య ఒళ్ళోని సంచీ చంకకు తగిలించుకుని, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

ఇంటిదాకా ఆమె పది అడుగుల ముందు, ఆయన పది అడుగుల వెనక. వీధి మలుపులో ఆగి, అక్కకు ఫోన్ చెయ్యండి అంది. తన ముందే చెయ్యమంది. మాటలు తనకూ వినబడాలంది. చేశాడు. సంగతి విని అక్క ఏమాత్రం తొణకలేదు.

“నేనేం అబద్ధమాడానురా? పోయాడన్నాను. పోయాడా లేదా?”

“చచ్చిపోయాడనుకుంది అక్కా.”

“అనుకుంటే అది నా తప్పా? నువ్వు పక్కనే ఉన్నావుగా. నోట్లో ఏం పెట్టుకున్నావు?”

అక్క గొంతు తగ్గించింది. వాడు ఏడాదికి రెండుసార్లు తనకు ఫోన్ చేస్తాడని చెప్పింది. మూడు గంటల ప్రయాణం దూరంలో, ఒక ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పనట. పెళ్ళాం, ఇద్దరు కొడుకులు. “నాన్న ఉన్నన్నాళ్ళూ నాన్న ఎలా ఉన్నాడని అడిగేవాడు. ఇప్పుడు నువ్వెలా ఉన్నావని అడుగుతాడు. నేను బాగానే ఉన్నాడంటాను,” అని అడ్రసు చెప్పి పెట్టేసింది.

ఇంట్లో భార్య రెండే ప్రశ్నలు వేసింది. ఇన్నేళ్ళు తను చనిపోయాడనుకుని జాలిపడ్డ మనిషి ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది, ఇంకేం దాచారు. మొదటిదానికి ఆయన చెప్పాడు. సిగరెట్టు తాగాడని, స్టూడియో కాలిపోయిందని, నాన్న వెళ్ళగొట్టాడని. ఊరంతా నమ్మిన కథే. రెండో ప్రశ్నకు జవాబు చెప్పబోతుండగా కూతురు వంటింటి గుమ్మంలోంచి అడిగింది.

“బాబాయి ఒప్పుకున్నాడా నాన్నా?”

“మొదట కాదన్నాడు. తర్వాత ఏమీ అనలేదు.”

“ఒప్పుకుంటే తొందరగా అయిపోయేది పాపం,” అంది ఆ పిల్ల, తనకు బాగా తెలిసిన పని గురించి చెబుతున్నట్టు. “నేనే అనేస్తే చాలు, అందరూ అడగడం ఆపేస్తారు. ముఖాలు మామూలుగా అయిపోతాయి. నీ ముఖం కూడా.”

“నా ముఖమా?”

“ఎవరు చేశారని అమ్మ అడిగినప్పుడల్లా నీ ముఖం ఎలాగో అయిపోతుంది నాన్నా. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాగా. అందుకే నేనే అనేసేదాన్ని.”

చెప్పని మాట ఎలా చేరిందో ఆయనకు అప్పుడు తెలిసింది. ఇందులో చాపలూ అక్కర్లేదు, మేడమ్‌లూ అక్కర్లేదు. పిల్ల తండ్రి ముఖం చూసి పెరిగింది, అంతే. ఆ క్షణం చెప్పేయాల్సింది. కానీ ఆ నిజం ముందు వినాల్సినవాడు వేరే ఉన్నాడని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అందులో న్యాయమెంతో పిరికితనమెంతో ఆయనకే తెలియదు. రేపు వాడి దగ్గరికి వెళ్తున్నానన్నాడు. నేనూ వస్తాను, నాకెలాగూ ఉద్యోగం లేదుగా అంది కూతురు. వద్దనడానికి ఆయనకు కారణం దొరకలేదు. భార్య రాలేదు. వచ్చాక రెండోదానికి జవాబు చెప్పండి అని మాత్రం అంది.

ఆస్పత్రి వెనక రేకుల షెడ్డు. లోపల గుండ్రటి కిటికీల పెద్ద పెద్ద మిషన్లలో దుప్పట్లు తిరుగుతున్నాయి. సబ్బు, ఆవిరి వాసన. పొద్దుటి షిఫ్టు దిగి బయటికి వచ్చిన మనిషికి ముందు జుట్టు సగం పోయింది. మణికట్టు మీద పాత ఆవిరి మచ్చలు. అన్నను చూసి గుర్తుపట్టడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. వచ్చావా అన్నాడు. నిన్ననే ఎక్కడికో వెళ్ళి తిరిగొచ్చిన మనిషితో అన్నట్టు. కూతుర్ని చూసి, నీ కూతురా, అక్క చెప్పింది అని ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఇంటికి దారితీశాడు.

రెండు గదుల ఇల్లు. లోపలికి రాగానే తమ్ముడు గోడ వెంట ఒక చుట్టు తిరిగాడు. ఇస్త్రీపెట్టె, టీవీ, మిక్సీ, అన్నిటి తీగలూ ఊడదీసి పక్కన పెట్టే ఉన్నాయి. అయినా ఒక్కొక్కటీ చేత్తో తాకి చూశాడు. కూతురు వింతగా చూస్తుంటే నవ్వి, వీధిలో నన్ను ప్లగ్గు మాస్టారంటారమ్మా అన్నాడు. పన్నెండేళ్ళుగా రాత్రి షిఫ్టు పడ్డప్పుడల్లా షెడ్డులో చివరగా మిషన్లు ఆపి తాళం వేసేది తనేనట. ఒక్క రోజూ పొరపాటు రాలేదట. “ఒకసారి కాల్చుకున్నవాణ్ణి కదా,” అన్నాడు మామూలుగా.

గ్రూపాయన మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. కూతురి వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు.

“ఆ రోజు డ్రమ్ము నేను ఆపలేదురా.”

తమ్ముడికి అర్థం కాలేదు. ఏ డ్రమ్ము అన్నాడు.

“ఫోటోలారేసే డ్రమ్ము. ఆన్‌లో వదిలేసి వెళ్ళాను. బస్టాపులో గుర్తొచ్చింది. నువ్వున్నావులే అని వెనక్కి రాలేదు. నాన్న అడిగితే ఆపానని చెప్పాను.”

తిడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. తమ్ముడు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తన చేతుల్లోకి చూసుకున్నాడు.

“ఆర్పాను,” అన్నాడు చివరికి. “ఆ సిగరెట్టు. పెరట్లో తొట్టి కింద నీళ్ళు నిలిచి ఉంటే అందులో వేశాను. చుయ్యిమంది. నాన్నకు అదే చెప్పాను. అబద్ధం కూడా చప్పుళ్ళతో సహా చెబుతున్నాడన్నాడు. నువ్వక్కడే ఉన్నావు.”

“ఉన్నాను.”

“నాలుగైదేళ్ళు ఆ చప్పుడు బాగా గుర్తుండేది. తర్వాత నాకే అనుమానం మొదలైంది. ఆర్పితే ఎలా కాలింది? ఆ చప్పుడు నేనే కల్పించుకున్నానేమో అనుకున్నాను. నా చెవుల్ని నేనే నమ్మడం మానేశాను అన్నా.”

గ్రూపాయన తప్పయిపోయిందిరా అనబోయాడు. ఆ మాట ఎంత చిన్నదో నోటిదాకా వచ్చాక తెలిసింది. మింగేశాడు. పక్కన కూతురు ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినబడుతోంది. ఏ గదిలో ఏ తప్పు బయటపడ్డా ముందు పలికే పిల్ల, మొదటిసారి ఏమీ అనకుండా కూర్చుంది.

తమ్ముడు లేచి మొహం కడుక్కుని వచ్చాడు. మా ఆవిడ నాలుగింటికి వస్తుందన్నాడు. నా పిల్లల్ని కూడా, మీ నాన్నలా ఇల్లు కాల్చకండని చెప్పే పెంచానన్నాడు. “నేను చెబితే వాళ్ళు నమ్మరు. ఇన్నేళ్ళు ఇంకోలా చెప్పినవాణ్ణి. నువ్వే చెప్పాలి. మొదట్నుంచి.”

నాలుగింటి బస్సుకు వెళ్ళాలనుకున్న గ్రూపాయన మళ్ళీ బస్సు మాట ఎత్తలేదు. ముగ్గురూ కూర్చున్నారు. ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని, ఎవరూ తాగకుండా. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

లోపలికి వచ్చినావిడ కొత్తవాళ్ళను చూసి ఆగింది. మా అన్న అన్నాడు తమ్ముడు. ఆమె ముఖంలో ముందు భయం, తర్వాత ఎంతో తేలికపడ్డట్టు ఒక మెరుపు. చేతిలో సంచీ కింద పెట్టడం కూడా మరిచి రెండడుగులు ముందుకు వచ్చింది.

“ఇన్నేళ్ళకు మనసొచ్చిందా బావగారూ,” అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఆయన చేసింది తప్పే. నేను కాదనను. మీరు క్షమించి వచ్చారు, మాకదే చాలు.”

గ్రూపాయన నోరు తెరిచాడు. పక్కన కూతురు లేచి నిలబడింది. ఇప్పుడు కూడా ఈ పిల్ల ఏదో ఒకటి తన నెత్తినేసుకుంటుందని ఆయన భయపడ్డాడు.

“బాబాయి కాదు పిన్నీ,” అందామె. తండ్రి ముఖంలోకి సూటిగా చూసింది. ఆ ముఖం ఎలాగో అయిపోతూ ఉంది. ఈసారి ఆమె చూపు తిప్పుకోలేదు, సాయమూ చేయలేదు.

“నాన్న చెబుతాడు,” అంది.